మంచం దిగే ముందు ఒక్క నిమిషం

తల్లీ,

నిన్న ఫోన్‌లో బాగానే మాట్లాడుతూ ఉన్నట్టుండి "అమ్మా" అని ఆగిపోయావు. ఏమైందే అంటే, "ఏం లేదు పెద్దమ్మా, కాలు కింద పెట్టాను" అన్నావు. ఆ "అమ్మా" నాకు కొత్త కాదు. రెండో కాన్పుకి ముందు, ఆరో నెల నుంచి పొద్దున లేవగానే నా నోట వచ్చే మొదటి మాట అదే. మడమలో మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని పది అడుగులు వేస్తే సర్దుకునేది, సాయంత్రానికి మళ్ళీ సలుపు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

అరికాలి కింద మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది. డాక్టర్లు ప్లాంటార్ ఫేషియా అంటారు. విల్లుకి నారి ఎలాగో, పాదం వంపుకి అది అలాగ. కడుపుతో ఉన్నప్పుడు రిలాక్సిన్ లాంటి హార్మోన్లు కీళ్ళ దగ్గరి కట్లని వదులు చేస్తాయి. దానికి తోడు పది పన్నెండు కిలోల బరువు పెరుగుతుంది, పొట్ట ముందుకొచ్చి నడక తీరే మారిపోతుంది. వంపు కాస్త కిందికి దిగి ఆ పట్టీ లాక్కుపోతుంది. మడమకి అతుక్కున్న చోట నొప్పి అందుకే. రాత్రంతా కదలిక లేక అది బిగుసుకుని ఉంటుంది కదా, పొద్దున మొదటి అడుగుకి ఒక్కసారిగా సాగేసరికి ప్రాణం లేచొస్తుంది.

అందుకే ఆ మొదటి అడుగుకి ముందే పాదాన్ని సిద్ధం చెయ్యాలి. దిండు పక్కన పొడుగాటి టవల్ ఒకటి పెట్టుకో. పక్కకి తిరిగి, చేత్తో ఆనుకుని లేచి కూర్చో. ఒక కాలు చాపి, వేళ్ళ కింద పాదం మెత్తగా ఉండే చోట టవల్ వేసి, రెండు కొసలూ పట్టుకుని వేళ్ళు నీ వైపుకి వచ్చేలా మెల్లగా లాగు. పిక్కలోనూ అరికాల్లోనూ సాగుతున్నట్టు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. ముప్పై అంకెలు లెక్కపెట్టి వదిలెయ్. ఒక్కో కాలికి మూడుసార్లు. వేళ్ళు ముందుకి చాపి మాత్రం ఒళ్ళు విరుచుకోకు, పిక్క పట్టేస్తే ఆ బాధ వేరు. తర్వాత పాదం నేల మీద పెట్టకుండా నేరుగా చెప్పుల్లో పెట్టు. రాత్రి బాత్‌రూమ్‌కి లేచినప్పుడూ అంతే. నేను మొదట్లో పొద్దున ఒక్కసారే చేసేదాన్ని, రాత్రి నాలుగుసార్లు ఉత్త కాళ్ళతో నడిచి చేసిందంతా పాడు చేసుకునేదాన్ని.

ఇక చెప్పుల సంగతి. ఎత్తు మడమలు వద్దని అందరూ చెబుతారు, నిజమే. కానీ అట్టముక్కలా ఉండే పల్చటి చెప్పులూ అంతే చేటు. వెనక రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు, వంపు కింద ఆసరా, మడమ జారకుండా వెనక పట్టీ ఉండాలి. షాపులో రెండు కొసలూ పట్టుకుని వంచి చూడు. వేళ్ళ దగ్గర వంగితే తీసుకో, నడిమికి మడత పడితే అక్కడే వదిలెయ్. కొనడానికి సాయంత్రం వెళ్ళు, అప్పటికి పాదాలు ఉబ్బి ఉంటాయి. నేను పొద్దున్నే వెళ్ళి కొన్న జత మధ్యాహ్నానికే పట్టక, ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో చెప్పులు పట్టుకుని ఇంటికొచ్చాను. అందరూ చూశారు కూడా.

సాయంత్రం సలుపుకి నాకు బాగా పనిచేసింది చల్లటి బాటిల్. ప్లాస్టిక్ బాటిల్‌లో ముప్పావు వంతు నీళ్ళు పోసి గడ్డ కట్టించు. కుర్చీలో కూర్చుని, దానికి పల్చటి గుడ్డ చుట్టి, అరికాలి కింద ముందుకీ వెనక్కీ పది నిమిషాలు దొర్లించు. ఆ తర్వాత కాళ్ళు ఎత్తు మీద పెట్టుకుని ఎడమ పక్కకి పడుకుంటే వాపు దిగుతుంది. నడక పూర్తిగా మానెయ్యకు, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా నడువు. ఎక్కువసేపు నిలబడే పనికి మాత్రం సిగ్గుపడకుండా స్టూల్ అడుగు.

మందుల విషయంలో నీ సొంత తెలివి వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి డాక్టర్ని అడగకుండా ముట్టుకోకు. ఇరవై వారాలు దాటాక అవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించే ప్రమాదం ఉంది. పారాసెటమాల్ అయినా, పూసుకునే జెల్ అయినా అడిగే వాడు. రెండు వారాలైనా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుని చూపించుకో. మడమలో తిమ్మిరి, మొద్దుబారడం ఉన్నా చూపించుకోవాల్సిందే.

కొన్ని మాత్రం మడమ నొప్పి ఖాతాలో వెయ్యకు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. మర్దన చెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళు. మొహం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బినా, తలనొప్పి వదలకపోయినా, చూపు మసకబారినా, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా బీపీ చూపించుకోవాలి. అది అర్ధరాత్రయినా సరే.

కాన్పయ్యాక కొన్ని వారాల్లోనో నెలల్లోనో చాలామందికి ఈ నొప్పి తగ్గిపోతుంది. నాకు బిడ్డకి నాలుగో నెల వచ్చేసరికి పోయింది. పాదం సైజు మాత్రం కొందరికి పెరిగి అలాగే ఉండిపోతుంది. నా పాత చెప్పులు మళ్ళీ నాకు పట్టనే లేదు, రెండేళ్ళు మీ అమ్మ వేసుకు తిరిగింది. నీవి అప్పుడే ఎవరికీ ఇచ్చెయ్యకు.

మీ పెద్దమ్మ