కంప్యూటర్ సందేహాలు: విండోస్ డిస్కు కనిపించకపోతే

ప్రశ్న: 2019లో కొన్న ల్యాప్‌టాప్, విండోస్ 10. బాగా నెమ్మదించింది. మళ్లీ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్) వేయిద్దామంటే డిస్కు ఎక్కడ పెట్టామో దొరకడం లేదు. షాపులో తమ దగ్గరున్న డీవీడీతో వేస్తామంటున్నారు. వేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దండీ. అసలు మీ ల్యాప్‌టాప్‌తో డిస్కు వచ్చి ఉండకపోవచ్చు కూడా. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, కంపెనీయే విండోస్ వేసి అమ్మిన ల్యాప్‌టాప్‌లలో 25 అక్షరాల ప్రొడక్ట్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. హార్డ్‌డిస్క్ మార్చినా అది పోదు. మీరు డబ్బు కట్టింది ఆ కీకే. విండోస్ ఫైళ్లు మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎక్కడిదో తెలియని డీవీడీలో ఎవరు ఏం కలిపారో చెప్పలేం. ‘యాంటీవైరస్ ఆపి వేయాలి’ అన్నారంటే అక్కడితో ఆపేయండి.

ముందు సెట్టింగ్స్‌లో ‘యాక్టివేషన్’ తెరిచి ఎడిషన్ పేరు రాసుకోండి. మన దగ్గర అమ్మే ఇంటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ ఉంటుంది. దాని బదులు ‘ప్రో’ ఎక్కిస్తే మీ కీతో యాక్టివేట్ కాదు. ఫొటోలు, ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. డిస్క్‌కు తాళం వేసే ‘బిట్‌లాకర్’ ఆన్‌లో ఉంటే దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. బాగా పనిచేస్తున్న మరో విండోస్ కంప్యూటర్‌లో, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ‘మీడియా క్రియేషన్ టూల్’ దించుకుని నడపండి. అది దించే ఫైలు చాలా పెద్దది, రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోన్ డేటాతో పని జరగదు. బ్రాడ్‌బ్యాండ్ ఉన్నచోట చేయించండి. ‘ఈ పీసీకి సిఫారసు చేసిన సెట్టింగ్స్ వాడు’ అనే అర్థంలో ఒక టిక్కు కనిపిస్తే తీసేయాలి. లేకపోతే మీ ల్యాప్‌టాప్‌ను వదిలేసి, పెన్‌డ్రైవ్ తయారుచేస్తున్న కంప్యూటర్‌కు తగ్గ భాష, ఎడిషన్ ఎంచుకుంటుంది.

పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ (ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలో అడిగే జాబితా) మీట నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో అయితే సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కు ఎస్కేప్. వచ్చిన జాబితాలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. ప్రొడక్ట్ కీ మదర్‌బోర్డులో ఉంటే మామూలుగా అడగదు. అడిగితే ‘నా దగ్గర కీ లేదు’ అన్నది నొక్కి, రాసుకున్న ఎడిషన్‌నే ఎంచుకోండి. నెట్ తగిలాక తనే యాక్టివేట్ అవుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది, విండోస్ ఎక్కడ వేయాలో అడిగే తెరలో, పార్టిషన్ల (హార్డ్‌డిస్క్‌లోని విభాగాల) దగ్గర. అక్కడ సీ, డీ అని పేర్లు ఉండవు, సైజులే ఉంటాయి. కాబట్టి ఏది ఎన్ని జీబీలో ముందే చూసుకుని, పాత సీ పార్టిషన్‌ను మాత్రమే ఫార్మాట్ చేయండి. అన్నీ డిలీట్ కొట్టేస్తే డీ డ్రైవ్‌లోని పెళ్లి ఫొటోలూ పోతాయి. కొన్ని కొత్త మోడళ్లలో డిస్కే కనిపించదు. చాలావరకు ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ (డిస్క్‌ను గుర్తించే చిన్న సాఫ్ట్‌వేర్) లేకపోవడమే కారణం. కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచి దాన్ని దించి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ‘లోడ్ డ్రైవర్’తో చూపిస్తే చాలు. చివర్లో వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇవ్వడం) పెట్టండి, మిగతా డ్రైవర్లు అప్‌డేట్‌లో వస్తాయి.

ఇంకో మాట. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీది ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్ అయి, టీపీఎమ్ 2.0 (భద్రతా చిప్) ఉంటే నేరుగా విండోస్ 11 పెన్‌డ్రైవే చేయించండి. ఉన్న లైసెన్సే దానికీ సరిపోతుంది.

ప్రశ్న: మా డీటీపీ సెంటర్‌లో విండోస్ 7 సిస్టమ్ ఉంది. తెలుగు ఫాంట్లు, పాత ప్రింటర్ దాని మీదే నడుస్తున్నాయి. డిస్కు గీతలు పడి చదవడం లేదు. కొత్తది ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: కొత్తది వెతకడం మానేసి, నడుస్తున్న సిస్టమ్‌నే ఈ వారంలో కాపీ తీసి పెట్టుకోండి. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14నే ఆగింది. ఎక్కడో డిస్కు సంపాదించినా ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్ మళ్లీ మొదటి నుంచి కూర్చుకోవాలి.

కంట్రోల్ ప్యానెల్‌లో ‘బ్యాకప్ అండ్ రీస్టోర్’ తెరవండి. ఎడమవైపు ‘క్రియేట్ ఏ సిస్టమ్ ఇమేజ్’ ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ వాడే డిస్క్ పద్ధతి) ఫార్మాట్ చేసిన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మీదికి ఇమేజ్ (సిస్టమ్ మొత్తానికి నకలు) తీయండి. దాని కిందే ఉన్న ‘సిస్టమ్ రిపేర్ డిస్క్’ను ఖాళీ డీవీడీ మీద రాయించండి. రేపు హార్డ్‌డిస్క్ పోతే ఈ డీవీడీతో బూట్ చేసి ఇమేజ్ వెనక్కి ఎక్కిస్తే ఫాంట్లతో సహా అంతా యథాతథంగా వస్తుంది. కొత్త హార్డ్‌డిస్క్ పాతదాని సైజుకు తగ్గకూడదు. 32 బిట్ సిస్టమ్‌కు 32 బిట్ రిపేర్ డిస్కే కావాలి.

క్యాబినెట్ మీద స్టిక్కర్ ఉంటే అందులోని 25 అక్షరాలు చెరిగిపోకముందే ఫొటో తీసుకోండి. డీవీడీ మీద బాల్‌పెన్‌తో రాయవద్దు. విజయవాడ ఎండలకు కిటికీ పక్కన కాకుండా బీరువాలో ఉంచండి. ఆ సిస్టమ్‌కు నెట్ తీసేయడమే క్షేమం. ఫైళ్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లను వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే అందులో పెట్టండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకే విండోస్ కీ అమ్ముతున్నారు. కొనవచ్చా?
– ఒక విద్యార్థి, మంగళగిరి రోడ్డు, గుంటూరు

జవాబు: వద్దు. అంత చవకగా వచ్చేవి తరచూ సంస్థలకు ఇచ్చిన కీలు, లేదా ఎక్కడో వాడినవి. ఇవాళ యాక్టివేట్ అయినా తర్వాత రద్దు కావచ్చు. మీ ల్యాప్‌టాప్ విండోస్‌తోనే కొన్నదైతే కీ కొనే పనే లేదు. విండోస్ లేకుండా కొన్నదైతే, చదువుకు, నెట్‌కు, ఆఫీసు ఫైళ్లకు విండోస్ బదులు వాడే మరో ఓఎస్ లైనక్స్ మింట్ ఉచితం. పైన చెప్పిన పెన్‌డ్రైవ్ లాంటిదే చాలు. వేసేముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు.

ప్రశ్న: మిర్చి యార్డులో మా కమిషన్ కొట్టు సిస్టమ్‌కు ఓఎస్ మళ్లీ వేయాలి. టాలీ లెక్కలు పోకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: టాలీలో కంపెనీ ఎంచుకునే తెరలో డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో చూపిస్తుంది. టాలీప్రైమ్‌లో మామూలుగా సీ డ్రైవ్‌లోనే, యూజర్స్‌లో పబ్లిక్ కింద ఉంటుంది, అంటే ఫార్మాట్‌లో పోయే చోటే. ఆ ఫోల్డర్ మొత్తం రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేయండి. వాటిలో ఒకదాన్ని మరో కంప్యూటర్‌లోని టాలీలో తెరిచి, చివరి రోజు బిల్లులు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత, ఫార్మాట్‌కు ముందే, నెట్ ఉండగా టాలీలో లైసెన్స్ ‘సరెండర్’ (వెనక్కి ఇచ్చేయడం) చేయాలి. ఇది మరిచిపోతే కొత్త ఓఎస్ మీద యాక్టివేట్ చేసేటప్పుడు లైసెన్స్ ఇంకా పాత ఇన్‌స్టలేషన్ పేరు మీదే ఉందని ఆగిపోవచ్చు. సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన ఈమెయిల్ పాస్‌వర్డ్ చేతిలో ఉంచుకుని, యార్డుకు సెలవున్న రోజు పెట్టుకోండి ఈ పని.