పాడిందే పాడే కంట్రీ రేడియో

అమెరికాలో కారు నడిపే పాఠకులు కొందరు కంట్రీ మ్యూజిక్ స్టేషన్ల గురించి అడిగిన ప్రశ్నలివి. గిటారు, ఫిడేలు, పెడల్ స్టీల్ (పడుకోబెట్టి, పెడళ్లు తొక్కుతూ వాయించే గిటారు) మీద సాగే ఆ బాణీ అంటే అందరికీ ఇష్టమే. రేడియోలో వింటేనే విసుగొస్తోందన్నది వాళ్ల గోడు.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): రోజూ ఉదయం ఎనిమిదింటికి, అదే సిగ్నల్ దగ్గర, అదే పాట. ఇది నా భ్రమా, నిజంగానే అలా వేస్తారా?

జవాబు: భ్రమ కాదండీ, లెక్క. పాటల వరుసను వేసేది సాఫ్ట్‌వేర్. మ్యూజిక్ డైరెక్టర్ (మన సినిమా సంగీత దర్శకుడు కాదు, స్టేషన్లో పాటల ఎంపిక చూసే ఉద్యోగి) పాటల్ని కేటగిరీలుగా విడగొట్టి, గంటలో ఏ చోట ఏ కేటగిరీ రావాలో నిర్ణయిస్తాడు. ఆ గంట పటాన్ని క్లాక్ అంటారు. అన్నిటికంటే ఎక్కువ తిరిగే కేటగిరీ ‘పవర్’. అందులో 8 పాటలు పెట్టి గంటకు రెండు చొప్పున వేస్తే ఒక్కో పాట 4 గంటలకోసారి వస్తుంది. రోజుకు ఆరుసార్లు, వారానికి 42 సార్లు. 24ను 4 శేషం లేకుండా భాగిస్తుంది కాబట్టి ఇవాళ ఎనిమిదింటికి వచ్చింది రేపూ ఎనిమిదింటికే వస్తుంది. మీ ఆఫీసు టైమూ మారదు, పాట టైమూ మారదు.

అదే 7 పాటలు పెడితే తిరుగుడు మూడున్నర గంటలు. మర్నాడు ఆ పాట అరగంట ఆలస్యంగా వస్తుంది. 9 పెడితే నాలుగున్నర గంటలు, మర్నాడు గంటన్నర ముందే వచ్చేస్తుంది. అందుకే 8 పాటల స్టేషన్ కంటే 7 పాటల స్టేషన్ ఒక్కోసారి కొత్తగా అనిపిస్తుంది! గంటకు రెండు లెక్కన 6, 8, 12 పాటలు పెట్టి, ‘నిన్న ఈ గంటలో వేసింది ఇవాళ వద్దు’ అనే నియమం కూడా సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే మీకు జరిగిందే జరుగుతుంది. అది ఒట్టి బద్ధకం.

కంట్రీకి ఇంకో జబ్బు కూడా ఉంది. పాప్ పాట త్వరగా ఎక్కి త్వరగా దిగుతుంది. కంట్రీ పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ ఎయిర్‌ప్లే చార్టులో (రేడియోలో ఏ పాట ఎంత మోగిందో చూసి ఇచ్చే ర్యాంకుల పట్టిక) పైకి చేరడానికి 40 వారాలు దాటడం ఇప్పుడు మామూలైంది. అంటే ఒక పాట పవర్‌లోకి రాకముందే కింది కేటగిరీల్లో నెలల తరబడి మీ చెవిన పడి ఉంటుంది. దిగాక కూడా ‘రికరెంట్’ పేరుతో ఇంకొన్నాళ్లు తిరుగుతుంది.

కొత్తవి తగ్గడానికి కారణం పరీక్ష పద్ధతి. పాటలో ఏడు నుంచి పది సెకన్ల ముక్క వినిపించి, గుర్తుపట్టారా, నచ్చిందా, విసుగొచ్చిందా అని శ్రోతల్ని అడుగుతారు. పది సెకన్లలో గుర్తుకు రాని పాట అక్కడే ఆగిపోతుంది. ఎవరికీ పెద్దగా నచ్చకపోయినా ఎవరూ స్టేషన్ మార్చని పాట మాత్రం నిలబడుతుంది. పాతవాటి డబ్బాలోనూ ఎక్కువగా 1990ల తర్వాతవే. మెర్ల్ హాగర్డ్, లొరెట్టా లిన్ లాంటి పాతతరం గాయకుల కోసం ప్రధాన స్రవంతి స్టేషన్ దగ్గర కాచుకుని లాభం లేదు.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): ప్రకటనలు రాగానే వేరే స్టేషన్‌కు మారిస్తే అక్కడా ప్రకటనలే. వీళ్లంతా మాట్లాడుకుని వేస్తారా?

జవాబు: మాట్లాడుకోనక్కర్లేదు, అందరి ముందూ ఒకే కొలబద్ద ఉంది. పెద్ద నగరాల్లో శ్రోతల లెక్క తీసేది పోర్టబుల్ పీపుల్ మీటర్. 2007 నుంచి వాడకంలోకి వచ్చింది. ఎంపిక చేసిన మనుషులు దాన్ని వెంట ఉంచుకుంటారు. స్టేషన్ తన ధ్వనిలో కలిపిన సంకేతాన్ని అది పట్టుకుంటుంది. గంటను నాలుగు పావులుగా కోస్తారు. ఒక పావుగంటలో 5 నిమిషాలు విన్నారంటే పావుగంట మొత్తం ఆ స్టేషన్ ఖాతాలో పడేది. 2025 జనవరి నుంచి, ఈ లెక్కలు తీసే నీల్సన్ సంస్థ దీన్ని 3 నిమిషాలకు తగ్గించింది.

ఇప్పుడు స్టేషన్ వాళ్ల వైపు నుంచి చూడండి. గంట మొదటి నుంచి 12 నిమిషాలు పాటలు, 12 నుంచి 18 దాకా ప్రకటనలు, 18 నుంచి మళ్లీ పాటలు. మొదటి పావులో 12 నిమిషాల పాటలు, రెండో పావులోనూ 12 నిమిషాలే. మీరు ప్రకటనల్లో పారిపోయి తిరిగొచ్చినా రెండు పావులూ వాళ్ల ఖాతాలోనే. అందుకే విరామాన్ని 15, 45 నిమిషాల గీతలకు అటూ ఇటూ పరుస్తారు. ప్రతి స్టేషనూ ఇదే చేస్తుంది కాబట్టి బటన్లు ఎన్ని నొక్కినా ఇన్సూరెన్సు, పికప్ ట్రక్కుల ప్రకటనలే.

నాలుగు చిన్న విరామాలు రెండు పెద్దవిగా మారిందీ ఈ లెక్కతోనే. ఆరేడు నిమిషాల విరామంలో అరనిమిషం ప్రకటనలు పన్నెండు పట్టేస్తాయి. అంతసేపు వినే ఓపిక ఎవరికుంటుంది? పావుగంటల లెక్కలో మాత్రం అది కనిపించదు.

ప్రశ్న (అట్లాంటా): బయట వడగళ్లు పడుతుంటే రేడియోలో ‘ఎంత చక్కటి సాయంత్రం’ అంటున్నారు. ఆ మనిషి అసలు మా ఊళ్లో ఉన్నాడా?

జవాబు: చాలావరకు లేడు. దీన్ని వాయిస్ ట్రాకింగ్ అంటారు. ఇంకో నగరంలో కూర్చున్న అనౌన్సర్ నాలుగు గంటల షోకి కావలసిన మాటలన్నీ గంటలోపే రికార్డు చేసేస్తాడు. పాటల మధ్య వాటిని అతికించే పని కంప్యూటరుది. అదే రోజు మరో రెండు మూడు ఊళ్లకూ ఆ గొంతే.

దీనికి దారి వేసింది 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం. అంతకుముందు దేశం మొత్తం మీద ఒక కంపెనీకి 20 ఏఎం, 20 ఎఫ్ఎం స్టేషన్ల పరిమితి ఉండేది. చట్టం దాన్ని ఎత్తేసింది. పెద్ద నగరంలో ఒకరికే 8 స్టేషన్ల దాకా, అందులో ఎఫ్ఎం 5 దాకా అనుమతించింది. 2017లో ఎఫ్‌సీసీ (ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ), స్టేషన్‌కు స్థానికంగా ప్రధాన స్టూడియో ఉండాలన్న నియమాన్నీ రద్దు చేసింది.

ఇది వినోదంతో ఆగే సంగతి కాదు. 2002 జనవరి 18 అర్ధరాత్రి దాటాక నార్త్ డకోటాలోని మైనాట్ దగ్గర గూడ్సు రైలు పట్టాలు తప్పి అమోనియా గ్యాసు ఊరి మీదికి వచ్చింది. ఊళ్లో ఆరు వాణిజ్య స్టేషన్లు ఒకే కంపెనీవి. హెచ్చరిక ప్రసారం కోసం పోలీసులు ఫోన్ చేస్తే జవాబు దొరకలేదు. అత్యవసర హెచ్చరిక పరికరాన్ని పోలీసులే సరిగా వాడలేదని కంపెనీ వాదించింది. తప్పెవరిదైనా, ఆ రాత్రి మైకు ముందు మనిషి ఉంటే ఫోన్ ఎత్తేవాడు కదా.

ముందే రికార్డు చేసిన గొంతును గుర్తుపట్టడం తేలికే. టైము చెప్పడు. వాతావరణం గురించి ‘ఇవాళ’ అని తప్ప ‘ఇప్పుడు’ అనడు. శ్రోతల ఫోన్లు ఉండవు. ఊళ్ల పేర్లు అక్షరాలను బట్టి పలుకుతాడు. టెక్సస్‌లో మెక్సియా అని రాసే ఊరిని స్థానికులు ‘మహేయ’ అంటారు. బయటివాడు అక్కడే దొరికిపోతాడు.

ప్రశ్న (చికాగో): ఆడవాళ్ల పాటలు ఇంత తక్కువెందుకు?

జవాబు: ఇద్దరు గాయనుల పాటలు వెంటవెంటనే వేయకూడదన్నది పరిశ్రమలో చాలాకాలంగా చలామణీలో ఉన్న నియమం. 2015లో రేడియో సలహాదారు కీత్ హిల్ ఇంకా ముందుకెళ్లి, సలాడ్‌లో ఆకులు మగ గాయకులు, ఆడవాళ్లు టొమాటోలు, కొద్దిగా వేస్తే చాలని ఒక పరిశ్రమ పత్రికతో అన్నాడు. పెద్ద రభస జరిగింది, అలవాటు మాత్రం పోలేదు. గాయనుల పాటలు వేయరు కాబట్టి శ్రోతలకు తెలియవు, తెలియవు కాబట్టి ఇందాక చెప్పిన పది సెకన్ల పరీక్షలో ఓడిపోతాయి, ఓడాయి కాబట్టి వేయరు. షనాయా ట్వెయిన్, రీబా మెకెంటైర్, ట్రిషా ఇయర్‌వుడ్ పాటలు హోరెత్తిన 1990లలో ఇదే శ్రోతలు రేడియో కట్టేయలేదు.

ప్రశ్న (హైదరాబాద్): నైట్ షిఫ్టులో అమెరికా కంట్రీ స్టేషన్లు యాప్‌లో వింటాను. గంటకే తలనొప్పి. పాటల తప్పా, హెడ్‌ఫోన్ల తప్పా?

జవాబు: రెండూ కాకపోవచ్చు. స్టేషన్ ధ్వని బయటికి వెళ్లే ముందు ప్రాసెసర్ గుండా పోతుంది. అది మెల్లగా పాడిన చరణాన్ని పైకి లాగి, గట్టిగా పాడిన పల్లవిని కిందికి నొక్కి అంతా ఒకే మట్టానికి తెస్తుంది. డయల్ మీద పక్క స్టేషన్ కంటే గట్టిగా వినిపించాలన్న పోటీ అది. స్టూడియోలో ఇప్పటికే నొక్కి పంపిన పాటను ఇక్కడ మళ్లీ నొక్కుతారు. చెవికి విశ్రాంతి దొరకదు.

పైగా అమెరికా ఎఫ్ఎంలో ప్రీ-ఎంఫసిస్ (పై శబ్దాల్ని ముందే పెంచి పంపే పద్ధతి) 75 మైక్రోసెకన్లు, మన దగ్గర 50. అమెరికా లెక్కన 15 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వనిని దాదాపు 17 డెసిబెల్స్ పెంచి పంపుతారు, రేడియో సెట్టు మళ్లీ తగ్గిస్తుంది. పెంచినప్పుడు పరిమితి దాటిన మొనల్ని ప్రాసెసర్ కోసేస్తుంది. కంట్రీలో ఫిడేలు, స్టీల్ తీగ గిటారు, తాళాలు అన్నిటిలోనూ ఆ పై శబ్దాలు ఎక్కువ. కోత పడితే ‘స’, ‘ష’ ఉమ్మినట్టు, ఫిడేలు గీరినట్టు వినిపిస్తాయి. పెడల్ స్టీల్ మెల్లగా తగ్గాల్సిన చోట ప్రాసెసర్ దాన్ని లాగి పట్టుకుంటుంది.

యాప్‌లో ఎఫ్ఎం అవసరాలేమీ లేవు. అయినా కొందరు అదే ధ్వనిని తెచ్చి 32, 48 కిలోబిట్ల స్ట్రీమ్‌లో కుక్కుతారు. స్టూడియో కంప్యూటర్లోని పాట ముందే ఎంపీ3 అయితే రెండోసారి కుదింపు. తాళాలు నీళ్లలో మోగినట్టు ఉంటే కారణం అదే. ఎఫ్ఎం ప్రకటనల బదులు స్ట్రీమ్‌లో వేరేవి పెట్టేటప్పుడు టైము తప్పితే పాట మొదటి రెండు సెకన్లు ఎగిరిపోతాయి.

నిర్ధారించుకోవాలంటే అదే పాటను మంచి స్ట్రీమింగ్ సర్వీసులో, వాల్యూమ్ సమానంగా పెట్టి వినండి. మొదటి చరణానికీ పల్లవికీ తేడా అక్కడ తెలిసి, స్టేషన్లో తెలియకపోతే తప్పు ప్రాసెసర్‌ది. ట్రెబుల్ రెండు మూడు మెట్లు తగ్గిస్తే గీర కొంత తగ్గుతుంది. కోసేసిన ధ్వని మాత్రం తిరిగి రాదు.

ప్రశ్న (నాష్‌విల్): వినదగ్గది ఒక్కటైనా చెప్పండి.

జవాబు: మీ ఊళ్లోనే ఉంది కదా, డబ్ల్యూఎస్ఎం 650 ఏఎం. 1925 అక్టోబర్ 5న మొదలైంది. పేరుపొందిన కంట్రీ సంగీత వేదిక గ్రాండ్ ఓల్ ఓప్రీగా మారిన కార్యక్రమం అదే ఏడాది నవంబర్ 28న దాంట్లోనే పుట్టింది. 50,000 వాట్లు కాబట్టి రాత్రిపూట చాలా రాష్ట్రాల్లో అందుతుంది. పాతా కొత్తా కలిపి వేస్తారు. ఏఎం ధ్వని ఇరుకే, దానికి సిద్ధపడాలి. వేరే ఊళ్లలో ఉన్నవాళ్లు ఎఫ్ఎంలో 88.1 నుంచి 91.9 దాకా వెతకండి. అవి వాణిజ్యేతర స్టేషన్లకు కేటాయించినవి, మామూలు ప్రకటనలు ఉండవు. వారాంతాల్లో ఎవరో ఒక స్వచ్ఛంద అనౌన్సర్ సొంత రికార్డులు తెచ్చి పాత కంట్రీ, బ్లూగ్రాస్ (బాంజో, ఫిడేలు లాంటి తీగ వాద్యాలతో సాగే బాణీ) వేసే కార్యక్రమం వాటిలో తరచుగా దొరుకుతుంది. టైము వాళ్ల వెబ్‌సైట్లోని షెడ్యూల్లో చూసుకోండి.