మిద్దెతోటల టూర్‌కి వాలంటీర్‌గా వెళ్తే ఏం పని ఉంటుంది? మొక్కల గురించి ఏమీ తెలియకపోయినా పర్లేదా?

పర్లేదండీ, ధైర్యంగా వెళ్ళండి. ఎవరైనా ఏదైనా అడిగితే ఏం చెప్పాలి అని మీరు భయపడుతున్నారు కదా, మీరేమీ చెప్పక్కర్లేదు, చెప్పేవాళ్ళు ఆ ఇంట్లోనే ఉంటారు. వాళ్ళు తీరిగ్గా మొక్కల దగ్గర నిలబడి మాట్లాడేలా చూడటమే మీ పని. ఇది నాకు మొదటి రెండేళ్ళు అస్సలు అర్థం కాలేదు.

మేం హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు ఉంటాం. చుట్టుపక్కల కాలనీల్లో డాబా మీద మొక్కలు పెంచేవాళ్ళం ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. నారపల్లిలో తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి మిద్దెతోట గురించి విని, వీడియోల్లో చూసి మొదలుపెట్టినవాళ్ళే మాలో చాలామంది. చలికాలంలో తోటలు కళకళలాడే టైమ్‌లో ఒక ఆదివారం అనుకుని నాలుగైదు ఇళ్ళు తిప్పి చూపిస్తాం, టికెట్ ఏమీ లేదు, ముందు పేరు రాయిస్తే చాలు. నేను ప్రతిసారీ వాలంటీర్‌నే. మొదట్లో నా పని గేటు దగ్గర రిజిస్టర్ పట్టుకోవడం, చెప్పులు ఒక పక్కన పెట్టించడం, బండ్లు పక్కింటి గేటుకి అడ్డం పెట్టకుండా చూడటం, అంతే. గేటు దగ్గర ఒక మనిషి చాలు, మిగతావాళ్ళంతా మెట్ల దగ్గరా పైనా ఉండాలి.

మెట్ల దగ్గర ఎందుకంటే, జనం అందరూ ఒకేసారి ఎక్కేస్తారు. ఇది సరదా విషయం కాదు. మనం ఎక్కి తిరిగే డాబాకి ఇంజనీర్లు లెక్కలో వేసుకునే బరువు మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోలు. ఒక 20 లీటర్ల పెయింట్ డబ్బాలో తడిమట్టి నింపితే అదే 30 కిలోల పైన తూగుతుంది, అలాంటివి వంద పెట్టినవాళ్ళున్నారు, దాని మీద మళ్ళీ నలభై మంది ఒకే మూల గుమిగూడి ఫోటోలు దిగుతుంటే నాకు గుండె దడగా ఉంటుంది. అందుకని నేను పన్నెండు మందికి మించి పైకి పంపను, ఎవరేమనుకున్నా సరే. బరువైన టబ్బులు, కింద ఇంటి గోడలు, బీములు ఉన్నచోటికి వచ్చేలా సర్దుకున్న ఇల్లయితే కొంచెం నిశ్చింత. మట్టిలో సగానికి సగం కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) కలిపేవాళ్ళకి బరువు తగ్గుతుంది కాబట్టి ఇంకా నయం. పిట్టగోడ పొట్టిగా ఉన్న ఇంటికి చిన్నపిల్లల్ని తేవద్దని ముందే మెసేజ్ పెడతాం, అయినా తెచ్చేవాళ్ళు తెస్తారు, వాళ్ళని పట్టుకుని తిరగడం కూడా మన పనే.

ఇక అసలు చెప్పాలనుకున్నది. రెండేళ్ళ కింద ఒక ఇంటికి వెళ్ళాం, రెండంతస్తుల ఇల్లు, ఆ పైన డాబా, సాయంత్రం నాలుగున్నరకి మా లిస్టులో అదే ఆఖరి ఇల్లు. ఆ ఇంటి పెద్దాయన రిటైర్ అయినవారు, చాలా మంచి మనిషి, డ్రిప్ ఎలా వేశారు, షేడ్‌నెట్‌కి ఎంతయింది, మొక్కలకి ఎరువుగా పోసే జీవామృతం కొలతలేంటి అన్నీ ఓపిగ్గా చెప్తున్నారు. 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల ఆవుపేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు మంచి మట్టి, అని ఆయన చెప్తుంటే అందరూ రాసుకుంటున్నారు, యూట్యూబ్ అబ్బాయి ఒకడు కాలర్ మైకు పెట్టి షూట్ చేస్తున్నాడు. ఇంతలో ఒకావిడ అడిగింది, మా సొరపాదుకి పిందెలు బాగానే పడుతున్నాయండీ, బొటనవేలంత అవ్వగానే పసుపురంగుకి తిరిగి కుళ్ళి రాలిపోతున్నాయి, ఏం చెయ్యాలి అని. ఆయన వెంటనే, కాల్షియం తక్కువైందమ్మా, గుడ్డుపెంకులు పొడి చేసి వెయ్యండి అన్నారు.

నేను మెట్ల పైమెట్టు మీద ఉన్నాను. వెనక నుంచి మెల్లగా ఒక మాట వినపడింది, "గది గాదు బిడ్డా" అని. తిరిగి చూస్తే ఆ ఇంటి అమ్మ, రెండు చేతుల్తో టీ గ్లాసుల ట్రే, కొంగు నడుముకి దోపుకుని చెమటలు కక్కుతోంది. అప్పటికి మూడో ట్రిప్పు అంట. మూడింటి నుంచీ ఆ మనిషి వంటింట్లోనే ఉంది, నలభై మందికి టీ, పులిహోర, మేం ఎవ్వరం అడగలేదు, ఇంటికొచ్చినవాళ్ళని ఉత్తి చేతుల్తో పంపకూడదని ఆవిడే పెట్టుకుంది. నేను ట్రే లాక్కుని, అమ్మా మీరు రండి, మీరు చెప్పండి అన్నాను. ముందు ఒప్పుకోలేదు, సారు చెప్తున్నడు గద అంది. ఆ పెద్దాయనే, పాదు పెట్టింది ఆమెనే, నువ్వే చెప్పు అని పక్కకి జరిగారు.

ఆవిడ పాదు దగ్గరికి వెళ్ళి, "పెంకులేస్తే నష్టం లేదుగని, గవి కలవకనే మురిగిపోతున్నయి" అంది. "సొరపువ్వు పొద్దుగూకినంక ఇచ్చుకుంటది, గప్పటికి తేనెటీగలు ఇంటికి వోతయి. గింత ఎత్తుకు రాత్రిపూట ఏ పురుగొస్తది? మనమే కలపాలె." ఐదున్నర దాటింది, ఎండ పిట్టగోడ దిగిపోయింది. అందరం చూస్తుండగానే, మడత పెట్టిన చేతిరుమాలు విప్పుకున్నట్టు ఒక్కో తెల్లపువ్వు విచ్చుకోవడం మొదలుపెట్టింది. సన్నటి పొడుగు కాడ మీద ఉత్త పువ్వు ఉంటే మగది, పువ్వు కింద నూగునూగుగా బుల్లి సొరకాయ ఉంటే ఆడది. ఆవిడ ఒక మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, మధ్యలో ఉన్న పసుపురంగు పొడిని ఆడపువ్వు నడిబొడ్డున మెత్తగా మూడుసార్లు అద్దింది. తర్వాత నడుము దగ్గర చెక్కుకున్న ఎర్ర దారంపోగు తీసి ఆ పిందె కాడకి వదులుగా కట్టింది, కలిపినవి ఏవో గుర్తుండటానికి. ఇందాక ప్రశ్న అడిగినావిడ, ఇదేనా పిందె అని చూపుడువేలు చాపింది. అమ్మ చటుక్కున ఆ వేలు పట్టుకుని మడిచి, "ఏలు సూపియ్యద్దు బిడ్డా, గిట్ల ముడిచి సూపియ్యాలె" అంది. నా చిన్నప్పుడు మా నాయనమ్మ అచ్చం ఇలాగే నా వేలు మడిచేది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇదంతా ఎలా తెలిసిందమ్మా అంటే, తల్లిగారింట్లో సొరపాదు పాక మీదికి పాకేదంట, అక్కడ ఎవరూ ఏమీ కలపక్కర్లేకుండానే కాసేవంట. ఇక్కడ రెండేళ్ళు పిందెలన్నీ పోయాయి. ఒక రాత్రి ఆరేసిన బట్టలు తియ్యడానికి పైకొస్తే లైటు దగ్గరికొచ్చే రెక్కలపురుగు ఒకటి పువ్వు మీద వాలి కనిపించింది, వారం తిరిగేసరికి ఆ ఒక్క పిందే నిలబడింది. అంతే, అర్థం చేసుకుంది. ఎవరూ చెప్పలేదు.

ఆ యూట్యూబ్ అబ్బాయి అప్పటికే కెమెరా బ్యాగులో పెట్టేశాడు. నాకు ఇప్పటికీ బాధే.

నేను చూసిన ఇళ్ళల్లో పదింటికి ఎనిమిదిట్లో మొక్కలకి పొద్దున్నే నీళ్ళు పోసేది, పిండినల్లి (తెల్లగా పిండిలా పట్టే పురుగు) కనపడితే ఆకు ఆకూ తుడిచేది, పుల్లమజ్జిగ కొట్టేది ఆడవాళ్ళే. టూర్ రోజున మాత్రం వాళ్ళు వంటింట్లో ఉంటారు. మైకు ముందు ఇంకొకరు ఉంటారు. మగవాళ్ళ తప్పని నేను అనట్లేదు, మనం వెళ్ళే పద్ధతిలోనే తప్పుంది. మా మేనకోడలు ఇంగ్లాండ్‌లో ఉంటుంది, అక్కడ ఇళ్ళ తోటలు జనానికి తెరవడం 1927లోనే మొదలైందంట, మనిషికి ఒక షిల్లింగ్ తీసుకుని, మొదటి ఏడాదే 609 తోటలు, ఆ డబ్బు ఊళ్ళల్లో తిరిగే నర్సుల కోసం. ఇప్పటికీ నడుస్తోంది, టీ, కేకు డబ్బులకే అమ్ముతారు, అదీ విరాళానికే పోతుంది. ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర టీకి డబ్బులు తీసుకోవడం మన వల్ల అయ్యే పని కాదు. కాబట్టి టీ వాలంటీర్లే ఫ్లాస్కుల్లో తేవాలి. గ్రూప్‌లో ఈ మాట అంటే, ఇంటివాళ్ళు ప్రేమగా ఇస్తుంటే వద్దనడం ఏంటని ఇద్దరు నా మీద విసుక్కున్నారు. అయినా పోయినేడాది నేనూ ఇంకో ఇద్దరం ఫ్లాస్కులు మోసుకెళ్ళాం. నాలుగిళ్ళల్లోనూ ఆ ఇంటి ఆడవాళ్ళే తోట చూపించారు.

ఇంకో విషయం, అడక్కుండా కొమ్మలు విరిచేవాళ్ళు ప్రతి టూర్‌లోనూ ఉంటారు. ఒక్క రెమ్మేగా అంటారు. పాతికమంది ఒక్కో రెమ్మ తుంచితే కుండీలో కరివేపాకు మొక్క మోడైపోతుంది, కళ్ళారా చూశాను. మీరు మొహమాటపడకుండా ఆపండి, ఇంటివాళ్ళు నోరు తెరిచి వద్దనలేరు, ఆ మాట మనమే అనాలి. గింజలు కావాలంటే ఇంటివాళ్ళు ఇచ్చినప్పుడే.

మీరు తీసుకెళ్ళాల్సినవి: మంచినీళ్ళ సీసా, టోపీ, చెప్పులకి ఒక పాత గోనెపట్టా, పెద్ద ఫ్లాస్కు. వెళ్ళగానే వంటింట్లోకి తొంగిచూసి, అమ్మా మొక్కలు ఎవరు చూసుకుంటారు అని అడగండి. వాళ్ళని పైకి తీసుకెళ్ళండి. సాయంత్రం టూరయితే సొర, బీర ఉన్న ఇంటిని ఆఖర్న పెట్టించండి, బీరపువ్వు కూడా సాయంత్రమే విచ్చుకుంటుంది.

ఆ అమ్మ ఆ రోజు నాకు బూడిద కలిపిన సొరగింజలు న్యూస్‌పేపర్ పొట్లం కట్టి ఇచ్చింది. ఈసారి మా డాబా మీద ఆ పాదుకి ఎర్రదారం కట్టినవి ఐదు పిందెలు నిలబడ్డాయి, పెద్దది మోచెయ్యంత ఉంది. దాన్ని కొయ్యను, గింజకి వదిలేశాను.