ఆపరేషన్ తర్వాతి పదకొండేళ్లు

తమ్ముడూ,

నీ బయాప్సీ రిపోర్టు పిల్లవాడు ఫోన్లో పంపాడు. క్యాన్సర్ గడ్డ ప్రోస్టేట్ గ్రంథి దాటలేదు, క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు 6. రెండూ మంచి మాటలే. అయినా "వచ్చే వారమే ప్రోస్టేట్ తీయించేస్తా అన్నయ్యా" అంటున్నావు. పదకొండేళ్ల కిందట నేనూ ఇలాగే పరిగెత్తాను. నాది 7, తీయించుకున్నందుకు బాధ లేదు. తర్వాత రోజులు ఎలా గడుస్తాయో ఒక్క మాటైనా అడగలేదే అన్నదే బాధ.

కాస్త ఆగు. బ్రిటన్‌లో నీలాంటి 1,643 మందిలో కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ చేశారు, మిగతావాళ్లను ప్రోస్టేట్ రక్తపరీక్ష అయిన పీఎస్‌ఏ చూస్తూ గమనించారు. 15 ఏళ్ల లెక్క 2023లో వచ్చింది. ఏ దారిలో వెళ్లినా ఈ జబ్బుతో పోయింది నూటికి ఇద్దరు ముగ్గురే. గమనించిన వాళ్లలో జబ్బు ఒంట్లో వేరే చోట్లకు పాకడం మాత్రం ఎక్కువే, నూటికి తొమ్మిది మందికి. మిగతా రెండు గుంపుల్లో అయిదుగురికి. కాబట్టి ఆగడమంటే పరీక్షలు మానేయడం కాదు. నీకు ఆ దారి సరిపోతుందేమో డాక్టర్ని సూటిగా అడుగు.

నాకు ఆపరేషన్ తర్వాత మూత్రం గొట్టం తీసిన రోజు మంచం దిగి నిలబడగానే పంచె తడిసిపోయింది. ఇలా అవుతుందని ముందు ఎవరూ చెప్పలేదు. గోడ పట్టుకుని ఏడ్చాను. ఆ బ్రిటన్ లెక్కలోనే ఆపరేషన్ అయిన ఆరు నెలలకు దాదాపు సగం మంది ప్యాడ్ పెట్టుకుంటున్నారు, ఆరేళ్లకు నూటికి 17 మంది. నాకు ఎనిమిది నెలలకు తగ్గింది. ఇప్పటికీ గట్టిగా తుమ్మితే రెండు చుక్కలు పడతాయి. బస్సెక్కితే సంచిలో ఇంకో పంచె ఉండాల్సిందే. మూత్రం మధ్యలో ఆపుకుంటే బిగిసే కండరం ఉంటుంది చూడు, దాన్ని బిగించి వదిలే వ్యాయామం ఆపరేషన్‌కి ముందే నేర్చుకో. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను.

రేడియేషన్, అదే మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అందులో మూత్రం కారే బాధ తక్కువ. విరేచనం ఆపుకోలేకపోవడం, రక్తం పడటం లాంటివి ఏళ్ల తర్వాత కూడా కొందరికి వస్తాయి.

ఇక రాయడానికి కష్టమైన మాట. ఆపరేషన్ అయినా, కరెంటయినా అంగస్తంభన దెబ్బతినే అవకాశం బాగా ఉంది. నేను సిగ్గుతో రెండేళ్లు మీ వదినతో ఆ మాటే ఎత్తలేదు, వేరే గదిలో పడుకున్నాను. ఆమె తన మీద ఇష్టం పోయిందనుకుని లోపల్లోపల కుమిలిపోయింది. నువ్వు మరదలితో ఇప్పుడే మాట్లాడు. దానికి మందులున్నాయి, ఆపరేషన్లో నరాలు కాపాడే పద్ధతీ ఉంది. డాక్టర్ని అడగడానికి మొహమాటపడకు.

పీఎస్‌ఏ పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించు. ఆపరేషన్ అయితే 0.1 లోపుకు దిగాలి. కరెంటయితే మెల్లగా దిగుతుంది, మధ్యలో కాస్త పెరిగి మళ్లీ తగ్గడమూ ఉంటుంది. రిపోర్టు వచ్చే ముందు రాత్రి నాకు ఇప్పటికీ టెన్షనే, నిద్ర పట్టదు. ఆ రాత్రి మీ వదినా నేనూ వాకిట్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం.

ఆదివారం బయల్దేరి వస్తున్నాను. సోమవారం డాక్టర్ దగ్గరికి ముగ్గురం వెళ్దాం. అడగాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టు, మరదల్నీ రాయమను.

మీ అన్నయ్య