ఆపివేసిన ట్రాన్స్‌మిటర్ దగ్గర

చిరంజీవికి ఆశీస్సులు.

రాడార్ ట్రాన్స్‌మిటర్ల నిర్వహణ పనిలో చేరుతున్నానని రాశావు, సంతోషం. నడుస్తున్న యంత్రం దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. నా బెంగంతా ఆపివేసిన యంత్రం గురించే. సరఫరా తెగిన తర్వాత కూడా మాడ్యులేటర్ (ట్యూబుకు అధిక వోల్టేజి పల్సులు అందించే భాగం) కెపాసిటర్లలో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. 20 కిలోవోల్టుల దగ్గర 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో ఉండేది 200 జౌళ్ల శక్తి. అది గుండె మీదుగా పోతే ప్రాణం తీయగలదు. దాన్ని ఖాళీ చేయడానికి బ్లీడర్ రెసిస్టర్ ఉంది కదా అంటావేమో, అది ఎప్పుడో కాలిపోయి ఉంటే ఆ సంగతి నీకు చెప్పేదెవరు?

కనుక మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, నీ పేరున్న చీటీ తగిలించి, తాళంచెవి నీ జేబులోనే ఉంచుకో. మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగిన తర్వాత డిశ్చార్జ్ రాడ్ (మిగిలిన ఆవేశాన్ని ఎర్త్‌లోకి దింపే కడ్డీ) తీగను ముందు ఎర్త్‌కు గట్టిగా బిగించి, అది ఎక్కడా తెగలేదని చూసుకొని, ఆ తర్వాతే రాడ్ కొనను కెపాసిటర్ టెర్మినల్‌కు తాకించు. తాకించి తీసేయకు, పని ముగిసేదాకా అక్కడే వేలాడనివ్వు. ఖాళీ చేసిన కెపాసిటర్‌లోనూ లోపలి డైఎలక్ట్రిక్ (పలకల మధ్య ఉండే బంధక పదార్థం) నుంచి ఆవేశం కొంత మళ్ళీ పైకి వస్తుంది. నేను కొత్తలో ఆ రాడ్ తీసేసి, కాసేపటికి అనుమానం వచ్చి మళ్ళీ తాకించినప్పుడు ఎగిరిన నిప్పురవ్వను ఇప్పటికీ మరచిపోలేదు.

ఉంగరం, గడియారం తీసిపెట్టు. ఒంటరిగా పని చేయకు; తోడుగా నిలిచే మనిషికి మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఆగిన గుండెకు ఛాతీ ఎలా నొక్కాలో తెలిసి ఉండాలి. పని త్వరగా తెమలాలని తలుపు తెరిస్తే పవర్ ఆపే ఇంటర్‌లాక్‌ను తీగతో కలిపేసేవాళ్ళు ఎంత అనుభవజ్ఞులైనా వారిని అనుసరించకు.

ట్రాన్స్‌మిటర్ పనిచేసే అవకాశమున్నంతవరకు తెరిచిన వేవ్‌గైడ్‌లోకి (మైక్రోవేవ్‌లను మోసుకెళ్ళే గొట్టంలోకి) తొంగిచూడకు. కంటి కటకానికి రక్తప్రసరణ లేదు కాబట్టి మైక్రోవేవ్ వేడి అక్కడ సులభంగా తగ్గదు, కంటిశుక్లం ఏర్పడవచ్చు. మైక్రోవేవ్ శక్తిని పెంచే క్లిస్ట్రాన్ వంటి అధిక వోల్టేజి ట్యూబుల నుంచి ఎక్స్-కిరణాలు కూడా వెలువడతాయి, అందుచేత విప్పిన సీసపు కవచాన్ని తిరిగి బిగించనిదే పవర్ ఇవ్వరాదు. కొన్ని ట్యూబుల్లోని సిరామిక్ బెరిలియం ఆక్సైడ్‌తో చేసినది. అది పగిలితే ఊడ్చవద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు విషం. యాంటెన్నా దగ్గరికి ఎక్కేముందు దాన్ని తిప్పే మోటారు సరఫరాకూ తాళం పడాలి.

డిశ్చార్జ్ రాడ్‌కు గోడ మీద ఒక కొక్కెం పెట్టించు. ఆ కొక్కెం ఖాళీగా కనిపించినంతసేపు ఎవరు తొందరపెట్టినా పవర్ ఇవ్వకు.

ఇట్లు,
నీ పెద్దనాన్న