హైవే ఎక్కితే స్టీరింగ్ గట్టిగా అయిపోతా ఉందా? అప్పుడే ర్యాక్ మార్పించబాకండి

తమ్ముడూ, ఒంగోలు నుంచి నువ్వు అడిగింది ఏందంటే, సెకండ్‌హ్యాండ్ కారు కొన్నావు, ఇంటి ముందర తిప్పుకునేటప్పుడు స్టీరింగ్ ఒంటి చేత్తో ఇట్టే తిరుగుతా ఉంది, హైవే మీద 80 దాటితే మాత్రం గట్టిగా అయిపోతా ఉంది, మెకానిక్‌కి చూపిస్తే ర్యాక్ (మనం స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలని అటూ ఇటూ జరిపే పళ్ళ కడ్డీ) పోయింది మార్చాలన్నాడు, నిజమేనా అని. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది రిపేరు కాదు, స్టీరింగ్ దాని పని అది చేస్తా ఉంది. డబ్బులు కట్టబాక. రెండేళ్ళ కిందట నాకు దీనికి సరిగ్గా ఎదురు జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెప్తా ఉండా.

మా నాయన దగ్గర పవర్ స్టీరింగ్, అంటే తిప్పేటప్పుడు మన చేతికి మోటారో ఆయిల్ పంపో చేసే సాయం, లేని అంబాసిడర్ ఉండేది. నెల్లూరు చిన్నబజారు సందుల్లో రివర్సు తీయాలంటే సీట్లోంచి సగం పైకి లేచి రెండు చేతులా లాగేవాడు, చొక్కా వీపున అతుక్కుపోయేది. కారు ఆగి ఉంటే టైరు దొర్లదు, ఉన్నచోటే నేలకేసి రుద్దుకుంటా తిరగాల, పైగా ఇంజిను బరువంతా ముందు టైర్ల మీదే. అదే బండి కదిలిందంటే టైరు దొర్లతా తిరుగుతాది కాబట్టి ఆ పట్టు సడలతాది, అదే అంబాసిడర్‌ని కావలి రోడ్డెక్కాక మా నాయన తేలిగ్గానే తిప్పేవాడు. అంటే మనకి సాయం కావాల్సింది పార్కింగులో, హైవే మీద కాదు.

కాదు అనేకంటే, హైవే మీద ఆ సాయం ప్రమాదం. 100 స్పీడులో కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతాది, ముక్కు ఒక్క డిగ్రీ పక్కకి తిరిగినా ఒక్క సెకనులో అరమీటరు పక్క లైన్లోకి జరుగుతాం. పార్కింగులో ఉన్నంత తేలిగ్గా ఉంటే, తుమ్మొచ్చి చెయ్యి కదిలినా బండి లారీ కిందికి పోయేట్టే. అందుకే పవర్ స్టీరింగ్ స్పీడు పెరిగేకొద్దీ సాయం తగ్గించేస్తాది.

ఇంక నా కార్లో జరిగింది చెప్తా. వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే బయల్దేరితే స్పీడోమీటరు ముల్లు సున్నా మీంచి లేవలా, స్టీరింగ్ బొమ్మ లైటు వెలిగింది. ఊళ్ళో మామూలుకన్నా గట్టిగా తిరిగింది, సరేలే అనుకోని ఒంగోలు పనికి హైవే ఎక్కితే అక్కడ తేలిపోతా ఉంది, సింగరాయకొండ దాటాక పక్కనుంచి గాలి కొట్టినప్పుడల్లా సరిచేయబోయి ఎక్కువ తిప్పేస్తా ఉండా, భయమేసి 60 మీదే పోయినా. ఒక వర్క్‌షాపులో కాలమ్ (స్టీరింగ్ కింద ఉండే కడ్డీ, దానికున్న మోటారు) మొత్తం మార్చాల, 32 వేలు అన్నారు. మనసొప్పక నెల్లూరు ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ భాయ్ దగ్గరికి తీసుకుపోయినా.

ఆయన స్కానర్ పెట్టాడు, స్పీడ్ సెన్సార్ నుంచి సిగ్నల్ రావట్లేదని చూపించింది. కారు కింద చూస్తే గేర్‌బాక్సు మీదుండే సెన్సార్ వైరు ఎలక కొరికేసి ఉంది, రాగి తీగ బయటపడి పచ్చగా చిలుం పట్టింది. మా ఇంటి వెనక వరి మళ్ళే, ఎలకలకి కొదవలేదు. కొత్త వైరు అతికి, పైన గొట్టం తొడిగి, 600 తీసుకున్నాడు. స్పీడెంతో తెలియకపోతే సాయం ఎంతివ్వాలో చూసే కంప్యూటర్ ఏం చేస్తాది పాపం, అన్నిటికీ మధ్యస్తంగా ఒకే సాయం ఇస్తా ఉండింది, అందుకే ఊళ్ళో బరువు, హైవే మీద తేలిక.

అప్పుడే భాయ్ బల్ల మీద విప్పి పెట్టిన పాత కాలమ్ ఒకటి చూపించి లోపల ఎట్టుంటాదో చెప్పాడు. మధ్యలో చిటికెనవేలంత ఉక్కు కడ్డీ ఉంటాది, టార్షన్ బార్ అంటారు. దాని పై కొస మన స్టీరింగ్‌కి, కింది కొస చక్రాల వైపుకి. మనం తిప్పినప్పుడు చక్రాలు మొరాయిస్తే ఆ కడ్డీ తడిగుడ్డ పిండినట్టు కాస్త మెలి పడతాది, కంటికి కనపడేంత కూడా కాదు. మెలి ఎంతో పక్కనున్న టార్క్ సెన్సార్ చెప్తాది, స్పీడెంతో స్పీడ్ సెన్సార్ చెప్తాది, ఈ రెండూ చూసుకోని కంప్యూటర్ మోటారుకి కరెంటు వదులుతాది. ఒకే మెలికి ఆగి ఉన్నప్పుడు ఎక్కువ, 100లో చాలా తక్కువ. కొత్త కార్లలో గేర్‌బాక్సు సెన్సార్ బదులు చక్రాల దగ్గరుండే ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసేది) సెన్సార్ల నుంచే స్పీడు తీసుకుంటా ఉండారు.

ఆయిల్‌తో నడిచే పాత పవర్ స్టీరింగ్‌లో మోటారు బదులు ఇంజిను బెల్టుతో తిరిగే పంపు ఉంటాది. వాటిల్లో కూడా స్పీడు పెరిగేకొద్దీ స్టీరింగ్‌ని గట్టిపరిచేవి వచ్చినాయి, సిట్రోయెన్ వాళ్ళు 1970లోనే ఎస్ఎం అనే కార్లో పెట్టారు. కరెంటు మోటారుది 1988లో సుజుకి సెర్వోతో మొదలైంది, ఇప్పుడు మనం కొనే చిన్న కార్లన్నీ దాదాపు ఇదే.

నీ కారు సంగతికొస్తే, బరువుగా ఉండటం వేరు, పట్టేయడం వేరు, ఈ తేడా చూడు. ఖాళీ రోడ్డు మీద 30, 40లో మలుపు తిప్పి చేతులు కాస్త వదులు చెయ్యి, స్టీరింగ్ తనంతట తనే మధ్యకి వస్తే ర్యాక్ పట్టేయలేదనే లెక్క. రాకుండా తిప్పినచోటే నిలబడిపోతే, లేదా గరగరమంటా ఆగి ఆగి తిరిగితే మాత్రం నిజంగానే చూపించాల, జాయింటు పట్టేసి ఉండొచ్చు. పార్కింగులోనే బరువైతే ముందు టైర్ల గాలి చూడు, తర్వాత బ్యాటరీ. నిలబెట్టి గట్టిగా తిప్పేటప్పుడు ఆ మోటారు 40, 50 ఆంపియర్లు లాగుతాది, రెండు హెడ్‌లైట్లు కలిపినా 10 దాటదు, ముసలి బ్యాటరీ తట్టుకోలేదు. రోహిణీకార్తె ఎండలో అటూ ఇటూ చివరిదాకా తిప్పతా తిప్పతా ఉన్నా మోటారు వేడెక్కి సాయం తగ్గిస్తాది, కాసేపు వదిలేస్తే మళ్ళీ మామూలే.

ఇంకోటి, సాయం మొత్తం పోయినా స్టీరింగ్ నుంచి చక్రాలకి ఇనుప లింకు ఉండనే ఉంటాది, బలం పెడితే తిరుగుతాది, భయపడబాక. దొర్లతా ఉన్న కార్లో తాళం మాత్రం ఎప్పుడూ తీయబాక, స్టీరింగ్ లాక్ పడితే ఇంక తిరగనే తిరగదు.

తాళం తిప్పగానే స్టీరింగ్ లైటు వెలిగి, ఇంజిను స్టార్టయ్యాక ఆరిపోతా ఉందా? స్పీడోమీటరు ముల్లు సరిగ్గా తిరుగుతా ఉందా? రెండూ అవునంటే ఆ మెకానిక్‌ని స్కానర్ పెట్టి ర్యాక్ పోయిందనేదానికి ఏం కోడ్ (తప్పు ఏందో చెప్పే నంబరు) వచ్చిందో చూపించమను. అది ఫోటో తీసి ఇక్కడ పెట్టు, నేను భాయ్‌ని అడిగి చెప్తా.