రాత్రంతా నల్ల స్క్రీన్ ముందే కూసుంటుండు, హ్యాకింగ్ కోర్సుల ఏయాల్నా?

పరకాల నుంచి ఒక అన్న అడిగిండు. ఫర్టిలైజర్ షాపు ఉంది, కొడుకు హన్మకొండల సీఎస్ఈ థర్డ్ ఇయర్. "పిలగాడు రాత్రి రెండింటి దాక కూసుంటుండు, స్క్రీన్ మీద అక్షరాలు ఉరుకుతుంటయ్, ఏంది బిడ్డా అంటే వైర్‌షార్క్ కంపైల్ చేస్తున్న అంటడు. పక్కింటోళ్ల పిలగాడు అమీర్‌పేటల ఎథికల్ హ్యాకింగ్ నేర్సుకుంటుండు, మావోన్ని గూడ లక్ష కట్టి పంపాల్నా? ఇది పోలీస్ కేసు అయ్యే పని కాదు కద?"

అన్నా, మీరు కోర్సు గురించి అడిగిన్రు గానీ మీ పరేషాన్ అది కాదు. కొడుకు ఏం జేస్తుండో మీకు సమజ్ అయితలేదు, అదే భయం. నా దగ్గరికి వచ్చే నాయినలల్ల సగం మందిది ఇదే బాధ.

వైర్‌షార్క్ దొంగ సామాను కాదు. 1998ల ఎథిరియల్ అనే పేరుతోని మొదలైంది, 2006ల పేరు మారింది, ఫ్రీ, సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు. మీ షాపుల ఎవరన్న ఫోన్‌పే కొడితే ఒక్కోసారి గుండ్రంగ తిరుగుకుంట ఆగుతది కద, అసొంటప్పుడు ఏ ప్యాకెట్ (నెట్‌ల పోయే సమాచారం ముక్క) పోయింది, దేనికి జవాబు రాలే, ఏది మళ్ల పంపాల్సొచ్చింది అని ఒక్కొక్కటి విప్పి చూసే పనిముట్టు అది. నెట్‌వర్క్ ఇంజినీర్లు దినాం వాడుతరు.

రెడీమేడ్‌ది ఇన్‌స్టాల్ చేస్తే ఐదు నిమిషాల పని, మరి మీవోడు సోర్స్ కోడ్ తీసుకొని తానే సాఫ్ట్‌వేర్ ఎందుకు కడుతుండంటే (దాన్నే కంపైల్ అంటరు), అండ్లనే చదువు ఉన్నది. కట్టే పనికి వాడే సీమేక్ నడిపితే, జీలిబ్ అనే వేరేటోళ్లు రాసిన కోడ్ ముక్క లేదంటది, అది ఏస్తే లిబ్‌జీక్రిప్ట్ అంటది, తర్వాత క్యూటీ అంటది, ప్రతి ఎర్రర్ చదివి ఇది ఎందుకు కావాలె అని వెతకాలె. నెట్ నుంచి ప్యాకెట్లు పట్టే లిబ్‌పీక్యాప్ లేకుండ కట్టిండనుకోండి, ముందే పట్టి సేవ్ చేసిన ప్యాకెట్ల ఫైళ్లు, అంటే ట్రేస్ ఫైళ్లు తెరుస్తది గానీ అప్పటికప్పుడు నెట్‌ల పోయే లైవ్ ట్రాఫిక్ పట్టదు, అట్ల ఒకసారి దెబ్బ తింటే ఏ ముక్క ఏ పని చేస్తదో జన్మల మర్చిపోడు. రేపు సొంతంగ ఒక డిసెక్టర్ (ప్యాకెట్‌ల ఏమున్నదో విప్పి చెప్పే ముక్క) సీ లాంగ్వేజ్‌ల రాసి కలుపుకోవాలన్నా ఈ దారే.

ఇగ ఆ ఎథికల్ హ్యాకింగ్ కోర్సు, అంటే పర్మిషన్ తీసుకొని సిస్టమ్‌లల్ల లొసుగులు పట్టుడు నేర్పేది. నాకైతే నమ్మకం తక్కువ, దాసుకునేదేం లేదు. అందరు సార్లు ఒకటే అనను, కొందరు మంచిగ చెప్తరు, కానీ నా దగ్గరికి సర్టిఫికెట్ పట్టుకొని వచ్చిన పిల్లలను నేను అడిగేది ఒకటే, టీసీపీ కనెక్షన్, అంటే రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేందుకు కలుపుకునే లైన్, ఎట్ల మొదలైతది? సిన్ (కలుద్దామా), సిన్-యాక్ (సరే, కలుద్దాం), యాక్ (సరే), ఈ మూడు ముక్కలు ట్రేస్‌ల చూపెట్టు అంటే చాలామంది నేల చూపులు చూస్తరు, ఎందుకంటే వాళ్లకు టూల్ పేర్లు, బటన్లు నేర్పిన్రు, లోపల ఏమైతదో నేర్పలే. మూడు నెలల్ల హ్యాకర్‌వి అయితవ్ అనే బోర్డు చూసి లక్ష కట్టకుండ్రి. నెట్‌వర్కింగ్, లినక్స్, సీ లాంగ్వేజ్ గట్టిపడ్డంక కావాలంటే అప్పుడు చూద్దాం.

కేసు సంగతి. సొంత లాప్‌టాప్ ట్రాఫిక్, ప్రాక్టీస్ కోసం నెట్‌ల దొరికే ట్రేస్ ఫైళ్లు చూస్తే ఏ భయం లేదు. కాలేజీ, హాస్టల్ వైఫైల పర్మిషన్ లేకుండ వేరేటోళ్ల ట్రాఫిక్ పట్టొద్దు, 2000 నాటి ఐటీ యాక్ట్ ఉన్నది, ఇది మాత్రం వానికి గట్టిగ చెప్పుండ్రి.

ఒకమాట కోపం చేసుకోకుండ్రి. పక్కింటి పిలగాని ఫీజు ఎంతో మీకు ఎరుకే, మీ కొడుకు కంపైల్ అయిందా లేదా అని ఒక్కనాడన్న అడిగిన్రా? "ఏం పీకుతున్నవ్ రా రాత్రంతా" అని అడుగుడు అడుగుడు కాదన్నా. ఈ ఆదివారం పక్కన కూసోండ్రి, ఒక ట్రేస్ తెరిచి చూపెట్టుమనుండ్రి, సమజ్ కాకున్నా ఇనుండ్రి. తెల్వనోళ్లకు చెప్పినట్టు మీకు చెప్పుడే ఇంటర్వ్యూల పనికొస్తది.

వానికి గూడ ఒకటి చెప్పుండ్రి, కట్టుడుతోనే ఆగొద్దు, వారానికి ఒక ట్రేస్ చూసి ఏం కనబడ్డదో పేజీ రాసిపెట్టుకోవాలె, పన్నెండింటికి పండుకోవాలె. రెండింటి దాక కూసుంటుండంటే లాప్‌టాప్ స్లో ఉండొచ్చు, కంపైల్ అయ్యేదాక ఎదురుచూస్తుండు కావొచ్చు. ఆ లక్ష రూపాయలల్ల కొంత తీసి ర్యామ్, ఎస్ఎస్‌డీ ఏయించుండ్రి, ఎంత కావాలెనో వాన్నే అడుగుండ్రి.